రేఖాతపస్వి నందలాల్ బోస్

చేతిలో తనంత పొడవైన కర్ర, భుజాలను కప్పిన అంగవస్త్రం, ముందుకు సాగిన పాదం. నల్లని నేలపై తెల్లని గీతలతో రూపొందిన గాంధీమహాత్ముని ఆ చిత్రాన్ని చూడని భారతీయుడు అరుదు. పాఠ్యగ్రంథాలలో, తపాలా కార్యాలయాల గోడలపై, ఖాదీ భండారాలలో అది ఎన్ని రూపాలలో కనిపించిందో లెక్కకు అందదు. అయితే దానిని గీసినదెవరని ప్రశ్నిస్తే జవాబు చెప్పగలిగేవారు కొద్దిమందే. 1930వ సంవత్సరంలో, దండియాత్ర దేశాన్ని కదిలించిన రోజులలో, వంగదేశంలోని శాంతినికేతనంలో కూర్చుని ఆ చిత్రాన్ని చెక్కినవారు నందలాల్ బోస్. చెక్కినవారు అనడం పొరపాటు కాదు. అది కుంచెతో వేసిన చిత్రం కాదు. ఆ సంగతి తరువాత తెలుసుకుందాం.

నందలాల్ 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో జన్మించారు. వంగదేశంలో అదే పేరుతో పెద్ద రైల్వే కూడలి ఒకటి ఉంది. ఇది అది కాదు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి. ఆమె బొమ్మలు చేయడంలో, బట్టపై కుట్టుపని చేయడంలో నేర్పరి. బాలుడైన నందలాల్ తల్లి చేతులను చూస్తూ పెరిగారు. తల్లి చిన్ననాటనే దూరమైంది. ఊరిలో కుమ్మరులు సారె మీద కుండలు చేసే తీరును, పండుగలకు మట్టి విగ్రహాలను తీర్చే శిల్పుల పనితనాన్ని గంటల తరబడి చూస్తూ నిలబడడం ఆయనకు అలవాటు. పిండిముద్దతోనో బంకమట్టితోనో దేవతామూర్తులను చేసి చూపేవారు.

పదిహేనవ ఏట విద్యాభ్యాసానికి కలకత్తా పంపారు. పాఠశాల చదువు ఎలాగో పూర్తయింది గాని కళాశాల చదువు ముందుకు సాగలేదు. ఒక కళాశాలలో తప్పారు. మరొక కళాశాలలో చేరి అక్కడా తప్పారు. పుస్తకాల అంచులన్నీ బొమ్మలతో నిండిపోయేవి, పుస్తకంలోని విషయం మాత్రం తలకెక్కేది కాదు. 1903లో సుధీరాదేవితో వివాహం జరిగింది. సంసారం ఏర్పడిన యువకునికి స్థిరమైన ఉద్యోగం ఉండాలని పెద్దలు తలచడంలో తప్పులేదు. వాణిజ్య విద్యలోనైనా చేరమన్నారు. చేరారు, నిలువలేకపోయారు. పరీక్షలలో తప్పినవారందరూ మహాచిత్రకారులు కారు. ఈ యువకుని విషయంలో మాత్రం తప్పిన ప్రతి పరీక్షా ఆయనను తన మార్గానికి ఒక అడుగు దగ్గరగా చేర్చింది.

ఆ రోజులలో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో ఒక గొప్ప మార్పు వస్తున్నది. ప్రధానాధ్యాపకులు ఇ.బి. హావెల్ ఆంగ్లేయులు. ఐరోపా చిత్రాలకు నకళ్లు గీయడమే చిత్రకళ అనుకునే పద్ధతిని ఆయన నిరసించారు. భారతీయ విద్యార్థి ముందుగా మొగలు, రాజపుత్ర చిత్రాలను, అజంతాను చూడాలని వాదించారు. ఆయనకు తోడుగా ఉపాధ్యక్షులుగా ఉన్నవారు రవీంద్రనాథ్ ఠాగూర్ పినతండ్రి మనుమడైన అవనీంద్రనాథ్ ఠాగూర్. 1905లో నందలాల్ తాను గీసిన చిత్రాలను చంకన పెట్టుకుని అవనీంద్రుని ఎదుట నిలబడ్డారు. పరీక్షగా వినాయకుని చిత్రం గీయమన్నారు. ఆ పరీక్షలో ఆయన తప్పలేదు. అల్లుడు బొమ్మలు గీసుకుంటూ కుటుంబాన్ని ఎలా పోషిస్తాడని అత్తింటివారు కలవరపడగా, ఆ బాధ్యత తనదని అవనీంద్రులు భరోసా ఇచ్చారట. గురువుగారు ఆ మాటను జీవితాంతం నిలుపుకున్నారు.

అవనీంద్రులు అప్పట్లో జపాను చిత్రకారుల నుండి గ్రహించిన ఒక పద్ధతిలో చిత్రాలు వేసేవారు. కాగితంపై నీటి రంగులు వేసి, ఆరిన తరువాత కాగితాన్ని నీటిలో తడిపి, మళ్లీ రంగు వేసి, మళ్లీ తడిపి ఆరబెడతారు. అలా పలుమార్లు చేయగా రంగులన్నీ ఒకదానిలో ఒకటి కరిగి, పొగమంచులో నుండి రూపం తొంగిచూచినట్లు కనిపిస్తుంది. నందలాల్ ఈ పద్ధతిని చక్కగా అభ్యసించారు. 1907 నాటి ‘సతి’ చిత్రం ఆ దశలో వెలువడినదే. జ్వాలల నడుమ చేతులు జోడించి మోకరిల్లిన స్త్రీమూర్తి ముఖంలో భయం లేకుండా చూపిన ఆ చిత్రం ఆనాడు ఎంతో ప్రశంస పొందింది, జపానులోనూ అచ్చయింది. సహగమనాన్ని కీర్తించే భావాన్ని నేడు మనం అంగీకరించలేము. చిత్రంలోని రేఖ ఎంత సుకుమారమైనదైనా ఆ విషయం మనకు ఇబ్బంది కలిగిస్తుంది. పరాయి పాలనలో ఉన్న జాతి తన పురాణస్త్రీలలో ధైర్యాన్ని వెదకుకున్న కాలమది అని గుర్తుంచుకుని దానిని చూడవలసి ఉంటుంది. మరుసటి సంవత్సరం ‘శివసతి’ అనే చిత్రానికి అయిదువందల రూపాయల బహుమానం లభించింది. ఆ ధనంతో నందలాల్ దేశాటనకు బయలుదేరారు. కాశీ, ఆగ్రా, మథుర మొదలైన క్షేత్రాలను, ఆ తరువాత దక్షిణదేశపు దేవాలయాలను దర్శించారు.

గురుశిష్యుల మధ్య జరిగిన ఒక సంఘటన వంగదేశంలో బహుళ ప్రచారంలో ఉంది. నందలాల్ ఒకసారి తపస్సు చేస్తున్న ఉమాదేవిని చిత్రించి గురువుగారికి చూపారు. చిత్రంలో రంగులు చాలా తక్కువ. ఉమకు ఆభరణాలు లేవు. అవనీంద్రులు చూచి, కొంచెం అలంకారం చేస్తే బాగుంటుందని, కొద్దిగా రంగు పెంచమని సూచించారు. శిష్యుడు తలవంచి చిత్రాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి గురువుగారికి నిద్ర పట్టలేదు. తపస్సులో ఉన్న ఉమకు ఆభరణాలెందుకు? తాను చూచినది పార్వతి సౌందర్యాన్ని మాత్రమే, శిష్యుడు చూచినది ఆమె తపస్సును. తెల్లవారకముందే ఆయన పరుగు వంటి నడకతో శిష్యుని ఇంటికి చేరారు. నందలాల్ అప్పటికే చిత్రాన్ని ముందుంచుకుని రంగు కలుపుతున్నారు. కుంచె ఇంకా కాగితాన్ని తాకలేదు. గురువుగారు చేయి పట్టి ఆపారు. ఒక చిత్రం దక్కింది. అంతకంటె ముఖ్యంగా, శిష్యుని దృష్టి తన దృష్టి కంటె వేరైనదని గురువుకు తెలిసింది. ఆ సంగతిని దాచుకోకుండా లోకానికి చెప్పినవారు కూడా అవనీంద్రులే.

1909 చివరలో నందలాల్ జీవితాన్ని మలుపు తిప్పిన ప్రయాణం జరిగింది. లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల వనిత అజంతా గుహలలోని కుడ్యచిత్రాలకు ప్రతులు తయారుచేయించే పనికి పూనుకున్నారు. గోడలపై పెచ్చులు రాలిపోతున్నాయి, ఆలస్యమైతే ప్రతికి కూడా ఏమీ మిగలదన్న ఆందోళన ఆమెది. సోదరి నివేదిత ప్రోత్సాహంతో నందలాల్, అసితకుమార్ హల్దార్ మొదలైన యువకులు ఆమెకు సహాయంగా వెళ్లారు. నేడు మహారాష్ట్రలో ఉన్న అజంతా ఆనాడు నిజాము రాజ్యంలోని ప్రదేశం. హైదరాబాదు నుండి సయ్యద్ అహమద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ అనే చిత్రకారులు కూడా వచ్చి వారితో కలిసి పనిచేశారు. గబ్బిలాల వాసన నిండిన చీకటి గుహలలో, నూనె దీపాల వెలుతురులో, వెయ్యేళ్లకు పైబడిన గీతలను వ్రేలితో గాలిలో అనుసరిస్తూ నందలాల్ ఒక సత్యం తెలుసుకున్నారు. పొగమంచు వంటి రంగులు ఆ గోడలపై లేవు. అక్కడ ఉన్నది రేఖ. తడబాటు లేని ఒక్క గీతలో మనిషి బరువు, నడక, మనస్సు మూడూ ఇమిడి ఉన్నాయి. గురువుగారి పద్ధతి నుండి ఆయన మెల్లగా దూరం కావడం అక్కడే మొదలైంది. 1921లో గ్వాలియర్ సంస్థానంలోని బాగ్ గుహల చిత్రాలకు ప్రతులు తీసే అవకాశం మళ్లీ కలిగింది.

రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతనంలో 1919లో కళాభవనాన్ని నెలకొల్పారు. నందలాల్ కొంతకాలం కలకత్తాకు, శాంతినికేతనానికి మధ్య ఊగిసలాడారు. ఒకవైపు తనను తీర్చిదిద్దిన గురువు, మరొకవైపు తనను పిలుస్తున్న కవి. ఇద్దరూ ఒకే కుటుంబానికి చెందినవారు, ఇద్దరి మాటా కాదనలేనిదే. చివరకు ఆయన శాంతినికేతనాన్ని ఎంచుకున్నారు. 1922లో కళాభవనానికి అధ్యక్షులై 1951లో విరమించే వరకు అక్కడే ఉన్నారు. 1924లో రవీంద్రునితో కలిసి చైనా, జపాను దేశాలను దర్శించి అక్కడి సిరాచిత్రాల పద్ధతిని పరిశీలించారు.

ఆయన బోధనలో విద్యార్థికి ఒకే పద్ధతి నేర్పి వదలడం ఉండేది కాదు. ఈ ఒక్క విషయంలో ఆయన సమకాలికులందరికంటె భిన్నమైనవారని చెప్పవచ్చు. నీటి రంగులు, జిగురు కలిపిన మట్టిరంగులు, సిరా, కొయ్య అచ్చు, పచ్చి సున్నపు గోడ, వస్త్రంపై అద్దకం, నేలపై ముగ్గు, అన్నీ ఆయనకు చిత్రకళలో భాగాలే. జయపురం నుండి నర్సింగ్‌లాల్ అనే పనివానిని రప్పించి, సున్నపు పూత తడిగా ఉండగానే రంగు వేసి, నున్నని రాతితో మెరుగుపెట్టే విద్యను తాను నేర్చుకుని విద్యార్థులకు నేర్పించారు. చదువురాని పనివాని ముందు అధ్యక్షులవారు శిష్యునిలా కూర్చున్న దృశ్యం కళాభవన విద్యార్థులకు పెద్ద పాఠం. విద్యార్థుల వసతి కోసం కట్టిన మట్టియింటి గోడలపై మట్టితోనే ఉబ్బెత్తు బొమ్మలు తీర్చి, వానకు కరగకుండా తారు పూయించారు. ‘నల్ల ఇల్లు’ అని దానికి పేరు. మట్టి, తారు కలిసి శిల్పమైన ఆ ఇల్లు రంగుల కొట్టులో దొరికే ఏ సామగ్రికీ ఋణపడలేదు.

ఇప్పుడు మొదటి చిత్రం వద్దకు వద్దాం. లినోలియం అనేది నేలపై పరచుకునే మెత్తని పలక. దానిపై బొమ్మను తిరగవేసి గీసుకుని, తెల్లగా కనిపించవలసిన భాగాలను ఉలితో చెక్కివేస్తారు. మిగిలిన భాగంపై సిరా పూసి కాగితంపై అద్దితే బొమ్మ సరియైన దిశలో అచ్చుపడుతుంది. దీనినే లినోకట్ అంటారు. ఒక పలక నుండి ఎన్నో ప్రతులు తీయవచ్చు, ఖర్చు స్వల్పం. నందలాల్ ఈ పద్ధతిని రవీంద్రుడు పసిపిల్లల కోసం రచించిన ‘సహజ్ పాఠ్’ అనే వాచకానికి బొమ్మలు వేయడంలోనూ వాడారు. గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి నడక ప్రారంభించినప్పుడు ఆయనకు ఈ పద్ధతే తగినదిగా తోచింది. ఉప్పు వంటి సామాన్య వస్తువు కోసం నడుస్తున్న మనిషికి నూనె రంగుల పెద్ద పటం నప్పదు కదా!

ఆ చిత్రంలో వెనుక సముద్రం లేదు. అనుచరులు లేరు. జెండా లేదు. మహాత్ముని ముఖంలోని ముడతలను లెక్కపెట్టే ప్రయత్నం లేదు. ఉన్నది నడక. కర్ర వాలులో, వంగిన నడుములో, ముందుకు పడిన పాదంలో ఒక వృద్ధుని దేహం, ఆ దేహాన్ని మించిన నిశ్చయం కనిపిస్తాయి. ఛాయాచిత్రం ఒక క్షణంలో మనిషి ఎలా ఉన్నాడో చూపుతుంది. ఈ చిత్రం ఆ మనిషి దేశానికి ఏమయ్యాడో చూపుతుంది. పోలిక కంటె చిహ్నం గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పోలిక తెలియని చేతిలో చిహ్నం వట్టి గుర్తుగా మిగిలిపోతుంది. నందలాల్ వేలకొలది కార్డుల మీద దారిలో కనిపించిన మేకను, చెట్టును, బండివానిని గీసి గీసి చేయి సాధన చేసినవారు. అందువల్లనే నాలుగు గీతలతో మహాత్ముని నిలబెట్టగలిగారు.

పురాణపురుషులను, భక్తులను చిత్రించడంలోనూ ఆయనది ఇదే మార్గం. పోతన భాగవతంలో హాలాహల భక్షణ ఘట్టం చదివిన తెలుగు విద్యార్థికి నందలాల్ గీసిన ‘శివుని విషపానం’ చూడగానే సన్నిహితమనిపిస్తుంది. బరోడాలోని కీర్తిమందిరం గోడలపై 1939 నుండి కొన్ని సంవత్సరాల పాటు ఆయన గంగావతరణాన్ని, మీరాబాయి జీవితాన్ని, కురుక్షేత్ర యుద్ధాన్ని, రవీంద్రుని ‘నటీర్ పూజ’ నాటకాన్ని చిత్రించారు. ఆ నాటకంలో రాజనర్తకి బుద్ధుని స్తూపం ఎదుట నర్తిస్తూ ప్రాణాలర్పిస్తుంది. శాంతినికేతనంలో ఆ నాటకాన్ని తొలిసారి ప్రదర్శించినప్పుడు ఆ నర్తకి పాత్రను ధరించినది నందలాల్ కుమార్తె గౌరి. గౌరవ కుటుంబాల బాలికలు రంగస్థలంపై నర్తించడాన్ని సమాజం తప్పుపట్టే రోజులవి. తండ్రి ఆ నృత్యాన్ని ముందు కళ్లారా చూచారు, తరువాత గోడపై శాశ్వతం చేశారు.

గాంధీజీకి నందలాల్ అంటే ప్రత్యేకమైన నమ్మకం. 1936లో లక్నో కాంగ్రెసు మహాసభల సందర్భంగా కళాప్రదర్శన ఏర్పాటు చేయించారు. అదే సంవత్సరం చివర ఫైజ్‌పూర్ గ్రామంలో మహాసభలు జరిగాయి. కాంగ్రెసు సభలు పల్లెలో జరగడం అదే మొదటిసారి. ఆ నగరాన్ని నిర్మించే పనిని కూడా గాంధీజీ ఆయనకే అప్పగించారు. తాను చిత్రకారుడనే గాని వాస్తుశిల్పిని కానని నందలాల్ సంకోచించారు. మహాత్ముడు ఆ సాకును అంగీకరించలేదు. చుట్టుపక్కల దొరికే వెదురు, తడికలు, గడ్డి వంటి వస్తువులతోనే ద్వారాలు, పందిళ్లు లేచాయి.

1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో జరిగిన సభలకు అధ్యక్షులు సుభాష్ చంద్రబోస్. దారిన పోయే గ్రామీణుడు కూడా ఆగి చూడగలిగే చిత్రాలు కావాలని గాంధీజీ కోరారు. నందలాల్ చేతితో తయారుచేసిన కాగితాన్ని అట్టలపై అంటించి, మట్టిరంగులతో, మందమైన కుంచెతో, చాలా వేగంగా 83 చిత్రాలు వేశారు. శిష్యులు వాటికి ప్రతులు తీయగా మొత్తం సుమారు 400 అయ్యాయి. ఈ చిత్రాలలో రాజులు లేరు, దేవతలు దాదాపు లేరు. డోలు వాయించేవాడు, వీణ పట్టినవాడు, మల్లుడు, వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, వడ్లు దంచే స్త్రీలు, ఎద్దును అదుపుచేసేవాడు ఉన్నారు. ఒక్కొక్కరి చుట్టూ దేవతామూర్తికి పెట్టినట్లుగా కమాను ఆకారం ఉంటుంది. అంతవరకు గుడిలో విగ్రహానికి దక్కిన స్థానం చెప్పులు కుట్టేవానికి దక్కింది. నా దృష్టిలో నందలాల్ కృషిలో శిఖరాయమానమైనవి ఇవే. ఆనాడు వాటిని ఎండకు, దుమ్ముకు, పందిటి గుంజలకు కట్టి వేలాడదీశారు. భద్రపరచాలన్న చింత చిత్రకారునికి లేదు. సభల కోసం వేసిన చిత్రాలు సభలతో పోయినా పరవాలేదన్నదే ఆయన వైఖరి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత భారత రాజ్యాంగ మూలప్రతిని అలంకరించే బాధ్యత ఆయనకు లభించింది. ఆంగ్లప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా తన చేతివ్రాతతో లిఖించగా, ప్రతి భాగానికి ముందు ఉండవలసిన చిత్రాలను, పుటల అంచుల అలంకారాలను నందలాల్ తన శిష్యులతో కలిసి సిద్ధం చేశారు. అవతారిక పుటను అలంకరించినవారు శిష్యులైన బ్యోహార్ రామమనోహర్ సిన్హా. మొహెంజొదారో వృషభ ముద్రతో మొదలై గురుకులం, బుద్ధుడు, మహావీరుడు, అశోకుని ధర్మప్రచారం, విక్రమాదిత్యుని సభ, నలందా, నటరాజు, అక్బరు, శివాజీ, గురు గోవింద్‌సింగ్, టిప్పు సుల్తాను, ఝాన్సీ లక్ష్మీబాయి వరకు చిత్రాలు సాగుతాయి. వీరిలో పలువురి ముఖాలు నిజంగా ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. అందువల్ల ఆయన కూర్చున్న తీరుతో, ఆయుధంతో, చుట్టూ ఉన్న జనంతో వారిని గుర్తింపజేశారు.

ఆ గ్రంథంలో గాంధీజీ రెండుసార్లు కనిపిస్తారు. ఒకచోట దండియాత్రలో, మరొకచోట మతకల్లోలాలతో రగిలిన నవఖాలీలో. 1930లో చెక్కిన నడకనే ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ గీయవలసి వచ్చింది. అప్పటికి మహాత్ముడు హత్యకు గురయ్యారు. నేతాజీ చిత్రం కూడా అందులో ఉంది. హరిపుర పందిళ్లలో అధ్యక్షునిగా నడిచిన ఆ యువనాయకుడు అప్పటికి కనుమరుగయ్యాడు. ఆయన పందిరిని అలంకరించిన చేతులే అరవై ఏడేళ్ల వయస్సులో ఆయనను దేశపు మూలశాసన గ్రంథంలో నిలిపాయి. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ సభ్యులు ఆ ప్రతిపై సంతకాలు చేశారు.

1954లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదంతో నందలాల్‌ను గౌరవించింది. విశ్వభారతి అంతకుముందే దేశికోత్తమ బిరుదం ఇచ్చింది. వార్ధక్యంలో ఆయన రంగులను దాదాపు విడిచిపెట్టి నల్లని సిరాతో కొండలను, చెట్లను, నీటిని గీస్తూ గడిపారు. 1966 ఏప్రిల్ 16వ తేదీన కలకత్తాలో పరమపదించారు.

ఆయన శిష్యులలో వినోద్ బిహారీ ముఖర్జీ, రాంకింకర్ బైజ్, కె.జి. సుబ్రమణ్యన్ వంటివారు చిత్రశిల్పకళలలో కొత్త దారులు తెరిచారు. చలనచిత్ర దర్శకులు సత్యజిత్ రే కొంతకాలం కళాభవనంలో ఆయన వద్ద చదివారు. తెలుగునేలకు వంగదేశపు చిత్రకళతో పరిచయం మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల ద్వారా ముందే ఏర్పడింది. అక్కడ ప్రమోదకుమార్ చటర్జీ వద్ద అడివి బాపిరాజు చిత్రకళ అభ్యసించారు. నందలాల్ వద్దకు నేరుగా వెళ్లి నేర్చుకున్న తెలుగువారిలో వరంగల్లు ప్రాంతానికి చెందిన కొండపల్లి శేషగిరిరావు ముఖ్యులు. ఆయన శాంతినికేతనం నుండి తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో అధ్యాపకులయ్యారు. కావ్యనాయికలను, కాకతీయ శిల్పాలను, తెలంగాణ పల్లె పరిసరాలను చిత్రిస్తూ, గురువుగారి వద్ద నేర్చిన రేఖను రెండు తరాల తెలుగు విద్యార్థులకు అందించారు.